మన బండి, పరాయి బండి

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమందరం క్షేమం అని రాయబోయి కాసేపు కలం ఆపాను. పిల్లకు జ్వరం తగ్గింది, బడికి వెళ్తోంది. నా మోకాలి నొప్పి సంగతి నీకు తెలిసిందే, అది నాతోపాటే పుట్టినట్టుంది. అంతవరకు క్షేమమే. నువ్వు, మరదలు, చంటిది బాగున్నారని తలుస్తాను. చంటిదానికి పళ్ళు వస్తున్నాయని రాశావు. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు, కనిపెట్టుకుని ఉండమని మరదలితో చెప్పు. నువ్వయితే నా జడ కొరికేవాడివి.

మీ ఫ్యాక్టరీకి కొత్త కారు తయారీ వచ్చిందని, దాంతో నీ ఉద్యోగం ఖాయమైందని చదివి సంతోషించాను. ఆ దేశంలో అందరూ దాన్ని ఫారిన్ కారు అంటున్నారనీ, బావ చేసే కారే కదా అని నీకు నవ్వొచ్చిందనీ రాశావు. మీరక్కడ దాన్ని ఏమంటారక్కా అని అడిగావు. మేము మన బండి అనేవాళ్ళం. ఇప్పుడు ఏమీ అనడం లేదు. మీకు వచ్చింది ఇక్కడినుంచి తరలిపోయిన పనే, తమ్ముడూ. అందులో నీ తప్పేమీ లేదు. కూడు ఎటు పోతే మనిషీ అటే పోతాడు.

బావ ఎందుకు రాయడం లేదని కూడా అడిగావు. అది చెప్పాలంటే ఎదురింటావిడ గురించి చెప్పాలి. మన పిల్ల ఆవిడను సీట్లత్త అంటుంది. ఊరి బయట పరాయి కంపెనీ పెట్టిన ఫ్యాక్టరీలో సీట్లకు కవర్లు కుట్టేది. ఆ కంపెనీ కారే ఒకటి కొనుక్కుంది. బావ వాళ్ళ ఫ్యాక్టరీ ఆవరణలోకి పరాయి కంపెనీ బండి రాకూడదని గేటు మీద బోర్డు ఉండేది, నువ్వూ చూశావు. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు ఈయన నాకన్నా ముందు మన వీధిలో నిలిపి ఉన్న బండ్లను చూశారని నాన్న ఎగతాళి చేసేవారు కదా. అలాంటి మనిషికి ఎదురింట్లోనే ఆ బండి.

ఇద్దరూ మా అరుగు మీద టీ తాగుతూ వాదులాడుకునేవారు. "కుట్టింది నేను, బిగించింది మా ఆడపడుచు కొడుకు. ఇది పరాయిదెలా అవుతుందన్నయ్యా? మీ ‘మన బండి’కి ఇంజను ఓడ దిగి రాలేదూ?" అనేది ఆవిడ. ఎవరి పేరు రాసి ఉంటే వాళ్ళదే బండి అనేవారు ఈయన. ఆవిడ నవ్వేది. ఓడిపోయినవాళ్ళే కప్పులు కడగాలని నేననేదాన్ని. ఎవరూ ఓడిపోయేవారు కాదు, నేనే కడిగేదాన్ని.

కిందటి నెల మేనేజరు అందరినీ ఆవరణలో నిలబెట్టి ఫ్యాక్టరీ మూసేస్తున్నామని చెప్పాడు. యంత్రాలు అప్పటికే పెట్టెల్లోకి ఎక్కుతున్నాయి. మన కంపెనీ ఇలా చేయడమేమిటని వెనకనుంచి ఎవరో అడిగారట. మన కంపెనీలో పెద్ద వాటా ఎప్పుడో బయటివాళ్ళు కొన్నారని, సీట్లత్త కంపెనీలోనూ వాళ్ళకే సగం వాటా ఉందని అప్పుడు బయటపడింది. ఇన్నేళ్ళూ గేటు దగ్గర ఎవరిని ఆపామో మాకే తెలియలేదు.

ఆ మధ్యాహ్నం మగవాళ్ళంతా గేటు బయట రోడ్డు మీదే ఉన్నారు. ఇంటికి పోవాలని ఎవరికీ లేదు. సీట్లత్త పని ముగించుకుని తన కార్లో ఆ దారినే వచ్చింది, రోజూ వచ్చే దారే. బండి మీద ఉన్న పేరు చూసి ఎవరో అడ్డం నిలబడ్డారు. తర్వాత చుట్టూ మూగారు. పక్క అద్దం పగిలి, పెంకు ఆవిడ కుడికంట్లో దిగింది.

ఆసుపత్రిలో ఆవిడ పక్కన నేనే కూర్చున్నాను. ఆ కంటికి చూపు రాదని డాక్టరు చెప్పాడు. ఎవరు కొట్టారో చూడలేదని ఆవిడ పోలీసులతో అంది. ఇంటికి వచ్చేసరికి మీ బావ పెరట్లో కుళాయి విప్పి, దాని కింద చెయ్యి పెట్టి ఉన్నారు. చేతికి ఏమీ అంటలేదు. నీళ్ళు మాత్రం పోతూనే ఉన్నాయి.

"కొట్టింది నేనేనే. లోపల మనిషి ఉందని చూశాను. ఎవరో కూడా చూశాను. చెయ్యి ఆగలేదు" అన్నారు.

నేను కుళాయి కట్టేశాను. తెల్లవారి ఆయనంతట ఆయనే పోలీసు స్టేషనుకు నడిచి వెళ్ళారు. అప్పటినుంచి జైల్లోనే ఉన్నారు, తమ్ముడూ. వకీలును పెట్టమని అడగడానికి వెళ్తే యూనియన్ ఆఫీసుకు తాళం వేసి ఉంది. సీట్లత్త కంపెనీవాళ్ళు, పని ముగిశాక జరిగిందాంతో తమకు సంబంధం లేదని ఆవిడను తీసేశారు. ఈ ఒక్క విషయంలో మన కంపెనీ, పరాయి కంపెనీ అని తేడా లేదు.

మీ దగ్గర ఆ కారు తలుపులు సరిగ్గా పడటం లేదు, కిటుకేమిటో బావనడిగి రాయమన్నావు. చూడటానికి వెళ్ళినప్పుడు అడిగాను. జన్మంతా తలుపులు బిగించిన మనిషి, గుర్తులేదు అన్నారు. ఇంకోసారి అడగలేకపోయాను.

ఇంతవరకు ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను. సీట్లత్తను తీసేసిన చోటికి కుట్టుపని తెలిసినవాళ్ళు కావాలన్నారు. నేను వెళ్ళాను. ఆవిడ మిషను ముందే కూర్చోబెట్టారు. ఆవిడ కాళ్ళకు అరిగిన పెడలు మీద ఇప్పుడు నా కాళ్ళు ఉన్నాయి. మీ బావకు తెలియదు. ఇదీ ఎన్నాళ్ళో చెప్పలేను. వచ్చే ఏడు కవర్లు ఇంకెక్కడో కుట్టించి తెప్పిస్తారని పక్క మిషను పిల్ల అంటోంది.

ఎవరో చెప్పి ఆవిడకు తెలియడంకన్నా నేను చెప్పడం మేలని నిన్న రోడ్డు దాటి వెళ్ళాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తలుపు దగ్గరే నిలబడి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. వెనక్కి తిరగబోతుంటే, మొహం ఇటు తిప్పకుండానే అంది.

"ఆ మిషను ఎడమకు లాగుతుంది వదినా. గుడ్డ గట్టిగా పట్టుకో."

ఇవాళ పొద్దున్న కూడా పనికి వెళ్ళి వచ్చాను. ఎడమకు లాగుతూనే ఉంది.

ఇట్లు,
నిన్ను చంకనేసుకుని పెంచిన
అక్క