ఆరో మెట్టు

సింగ్‌నగర్, విజయవాడ
9 ఫిబ్రవరి 2025

గౌరవనీయులైన శౌరయ్య మాస్టారికి,

నమస్కారాలు. నేను ఉషశ్రీని. వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల షాపు చక్రి గారి భార్యను. మూడేళ్ళ కిందట ప్రతి ఆదివారం జాకీని షాపు వ్యాన్‌లో ఎక్కించుకుని హనుమాన్ జంక్షన్‌లో మీ కుక్కల క్లాసుకు వచ్చేవాళ్ళం. మీకు ఫోన్లో సరిగా వినపడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. రాసి చాలా ఏళ్ళయింది, చేతిరాత చూసి నవ్వకండి.

ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను. మొన్న సెప్టెంబరు బుడమేరు వరదలో జాకీ పోయింది. నీళ్ళలో కొట్టుకుపోయింది. అప్పుడే తెలియజేయాల్సింది, చేతులు రాలేదు.

అప్పటి నుంచి మా సాయిశ్రీ మాట తగ్గించేసింది. పదేళ్ళ పిల్ల, గలగలా వాగేది. ఇప్పుడు ఏమడిగినా తలూపడమే. డాక్టరుకు కూడా చూపించాం. ఆఖరికి మా ఆయన ఎవరో ఇచ్చారని ఓ కుక్కపిల్లను చంకలో పెట్టుకుని తెచ్చారు. పేరు లడ్డు, నాలుగు నెలలది. ఒక్క మాట వినదు. ఇంట్లో చెప్పులన్నీ నమిలేసింది. ఎదురింటి వాళ్ళ కోడిపిల్లను నోట కరచుకొచ్చింది. గేటు తీస్తే చాలు రోడ్డు మీదకు ఒకటే పరుగు. మా ఆయన "మళ్ళీ మాస్టారి దగ్గరే చేర్పిద్దాం, ఇదీ జాకీలాగే అవుద్ది" అంటున్నారు.

నాకు ఇష్టం లేదు. ఎందుకంటే చెప్పలేకపోతున్నాను. మీరంటే ఆయనకు గురి. ఆయన మీ దగ్గరికి వస్తే, ఈ జాతి కుక్కపిల్లకు క్లాసు పనికిరాదనో, వయసు చాలదనో ఏదో ఒకటి చెప్పి పంపేయండి. ఇంకేమీ అడగకండి.

మీ
ఉషశ్రీ


హనుమాన్ జంక్షన్
16 ఫిబ్రవరి 2025

ప్రియమైన ఉషమ్మకు,

ప్రభువు మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూచుగాక. నీ ఉత్తరంలో జాకీ కబురు దగ్గర ఆగిపోయాను. ఆ పూట అన్నం సయించలేదు.

పోలీసు డాగ్ స్క్వాడ్‌లో పాతికేళ్ళు చేశాను, రిటైరై ఈ క్లాసు పెట్టి తొమ్మిదేళ్ళు. జాకీ అంత మాట వినే జీవిని నేను చూడలేదు. ఆఖరి ఆదివారం పరీక్ష గుర్తుందా? నువ్వు అరచెయ్యి చూపించి "ఉండు" అని చెప్పి టీ తాగడానికి వెళ్ళావు. నేను దాని ముందు మాంసం ముక్క పెట్టాను. టపాకాయ పేల్చాను. మా ఆడకుక్క రోజీని ఒయ్యారంగా దాని ముందు నుంచి నడిపించాను. నలభై నిమిషాలు! నువ్వు తిరిగొచ్చి తల నిమిరి "పద" అన్నాకే లేచింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను మీసం మెలేశాను. కొత్తగా వచ్చేవాళ్ళకు ఇప్పటికీ ఆ కథే చెబుతాను. ఉండమన్నవాళ్ళే వచ్చి విడిపించాలి, అప్పటిదాకా ఆకాశం విరిగి పడినా కదలకూడదు. అదీ మన పద్ధతి.

ఒక్కటి మాత్రం మింగుడు పడటం లేదు. మీరు వచ్చిన కొత్తలో నేను బంతి విసిరితే కాలవకు అడ్డంగా ఈది తెచ్చిన కుక్క అది. అలాంటిది ఎలా కొట్టుకుపోయిందమ్మా?

నా చేత అబద్ధం చెప్పించకు. లడ్డుని తీసుకురా. చెప్పులు నమిలినందుకు బెంగపడకు, జాకీ నా తోలు బెల్టే తిన్నది. కానీ మాట నేర్వని కుక్క రోడ్డు మీద ఎన్నాళ్ళు బతుకుతుంది? ఇక్కడ హైవే పక్కన నేను రోజూ చూస్తున్నదే. నీకెందుకు ఇష్టం లేదో రాయి. సాయిశ్రీ తల్లికి నా ముద్దులు.

ఆశీస్సులతో
శౌరయ్య


సింగ్‌నగర్
2 మార్చి 2025

మాస్టారికి,

అడగవద్దన్నాను, అడిగారు. ఇది మా ఆయనకు కూడా తెలియదు. ఆయన పెళ్ళికని కూచిపూడి వెళ్ళి, వరదకు దారి లేక అక్కడే చిక్కుకుపోయారు.

జాకీ కొట్టుకుపోలేదు.

ఆదివారం పొద్దున నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. నేను, పాప, జాకీ డాబా ఎక్కి పరదా కింద ఒక రాత్రి గడిపాం. సోమవారం మధ్యాహ్నం పడవ వచ్చి మా బయటి మెట్లకు ఆనుకుంది. అప్పటికి మూడు మెట్లు మునిగాయి. పడవలో బాలింత ఉంది, ముసలివాళ్ళున్నారు, కాలు పెట్టే చోటు లేదు. పడవ నడిపే ఆయన పాపం మంచిగానే "కుక్కని తర్వాత ట్రిప్పులో చూద్దామండీ" అన్నారు. మేం ఎక్కగానే జాకీ మా వెనకే దూకబోయింది. పడవ ఒరిగింది. బాలింత కెవ్వుమంది. నేను అరచెయ్యి చూపించి "ఉండు" అన్నాను.

ఆరో మెట్టు మీద కూర్చుంది.

పడవ కదిలింది. పాప గొంతు చించుకుని అరుస్తుంటే పక్కవాళ్ళు విసుక్కుంటున్నారని నోరు నొక్కి ఒళ్ళో పెట్టుకున్నాను. సాయంత్రానికి వచ్చేస్తాం కదా అనుకున్నాను. మళ్ళీ మమ్మల్ని ఎవరూ రానివ్వలేదు. ఆ సాయంత్రమే నీళ్ళు ఇంకా పెరిగాయి.

పాపను మా చెల్లెలి ఇంట్లో ఉంచి శుక్రవారం నేనొక్కదాన్నే వెళ్ళాను. గోడ మీద బురద గీత పదో మెట్టు దాకా ఉంది. జాకీ ఆరో మెట్టు దగ్గరే, గోడ మూలకు ఒదిగి ఉంది. ఇంకో పన్నెండు మెట్లెక్కితే డాబా. పైన అడ్డంగా తలుపు కూడా లేదు. ఎదురు డాబా మీద ఉన్న బసవపున్నయ్య గారు చెప్పారు: "గెడ్డం దాకా నీళ్ళొచ్చినా కూర్చునే ఉందమ్మా. పిలిచాను, రొట్టె విసిరాను. మీరెళ్ళిన వైపే చూస్తా ఉంది." ఎవరికీ చెప్పవద్దని ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఇద్దరం కలిసి దాన్ని పూడ్చాం. అందరికీ కొట్టుకుపోయిందని చెప్పాను.

మా వీధి కుక్కలు, ఎవరూ ఏమీ నేర్పనివి, డాబాల మీద శుభ్రంగా బతికి ఉన్నాయి. నన్ను చూసి మొరిగాయి కూడా.

మీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను. ఉంది. దానికి పదింతలు నా మీద ఉంది. ఇప్పుడు చెప్పండి, లడ్డుని చేర్పించమంటారా?

ఉషశ్రీ


హనుమాన్ జంక్షన్
21 ఏప్రిల్ 2025

తల్లీ ఉషమ్మా,

ఏడు వారాలు పట్టింది. నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. నిన్న ఈస్టరు. ఊహ తెలిశాక మొదటిసారి పండగ పూజకు వెళ్ళలేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడు మా ముసలి రోజీని వాకిట్లో కూర్చోబెట్టి "ఉండు" అన్నాను. లోపలికొచ్చి కిటికీలోంచి చూశాను. ఎండ దాని మీదకు వచ్చింది. రెండడుగుల అవతల గోడ నీడ ఉంది. కదల్లేదు. నాలుక బయటపెట్టి తలుపు వైపే చూస్తోంది. గంట కూడా చూడలేకపోయాను. వెళ్ళి "పద" అంటే నా చేయి నాకింది. అది భయపడి కూర్చోలేదమ్మా. నేను వస్తానని కూర్చుంది. జాకీ కూడా అంతే. ఈ మాట నిన్ను ఓదారుస్తుందో కాలుస్తుందో తెలియదు, నన్నైతే కాల్చింది.

తప్పు నీది కాదు. ఇంటి కుక్కకు ఇంకో పాఠం నేర్పాలి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు చెప్పిన మాట కాదని లేచిపోవాలని. దానికి చాలా ఓపిక కావాలి. అది నేర్పితే టపాకాయకే లేచిపోతుందేమో, నలభై నిమిషాలు కూర్చోదేమో, ఎవరూ చప్పట్లు కొట్టరేమో. నా మీసం కోసం ఆ పాఠం ఎగ్గొట్టాను. అలాంటిదొకటి ఉందని మీకెవరికీ చెప్పనైనా లేదు.

క్లాసు మూసేశాను. ఈలలు, పట్టీలు గోనెసంచిలో కుక్కి అటక మీద పడేశాను. లడ్డుని ఎక్కడా చేర్పించకు. నా దగ్గర అసలే వద్దు. చెప్పులు నమిలితే నమలనీ. చక్రి బాబు అడిగితే ముసలాడికి చేతకావడం లేదని చెప్పు. అది అబద్ధం కాదు.

ఇక నాకు రాయవద్దు.

శౌరయ్య


సింగ్‌నగర్
27 ఏప్రిల్ 2025

ప్రియమైన మాస్టారికి,

రాయవద్దన్నారు. మీ మాట వినడం లేదు, క్షమించండి.

గురువారం నేను పనిచేసే ల్యాబ్‌లో కరెంటు పోయి పెందలాడే ఇంటికి వచ్చాను. సాయిశ్రీ బయటి మెట్ల దగ్గర ఉంది. బకెట్టుతో కింది మెట్ల మీద నీళ్ళు కుమ్మరించింది. లడ్డుని ఆ తడిలో నిలబెట్టి, తను పైన బిస్కెట్టు పట్టుకుని "పైకి! లడ్డూ, పైకి!" అంటోంది. అది నీళ్ళలో దొర్లి ఆడుకుంటోంది. పాప దిగివచ్చి, దాన్ని ఎత్తుకెళ్ళి పైన వదిలి, మళ్ళీ కిందకు తెచ్చి మొదలుపెట్టింది. మోకాళ్ళు గీరుకుపోయి ఉన్నాయి. ఏడుస్తోంది.

"ఏం చేస్తున్నావే?" అన్నాను.

"నీళ్ళొస్తే పైకి పోవాలని నేర్పుతున్నా. జాకీకి చెప్పానమ్మా. పడవలోంచి 'పైకి పో, పైకి పో' అని అరిచా. దానికా మాట రాదు. నువ్వు 'ఉండు' నేర్పావ్, నాన్న 'కూర్చో' నేర్పారు. నేనే ఏమీ నేర్పలేదు. నావల్లే కొట్టుకుపోయింది."

ఆ అరుపు నేను విన్నాను మాస్టారూ. ఏడుపనుకుని నోరు నొక్కాను. ఎనిమిది నెలలుగా పిల్ల ఆ నేరం మోస్తోంది. దాని మనసు కష్టపడుతుందని నిజం దాచాననుకున్నాను. నేను దాచుకున్నది నన్ను.

తడి మెట్ల మీదే కూర్చుని అంతా చెప్పేశాను. పాప అంతా విని ఒకటే అడిగింది. "పడవ పోయేటప్పుడు నువ్వు వెనక్కి తిరిగి 'పద' అంటే పైకి పోయేదిగా?" పోయేదేమో. పోయేదే. నాకు తట్టలేదు. సాయంత్రానికి వస్తామనుకున్నానని చెప్పాను. అది నన్ను కొట్టినా బాగుండేది. లడ్డుని ఎత్తుకుని డాబా మీదకు వెళ్ళిపోయింది.

మా ఆయనకూ చెప్పాను. ఆ రోజు మొదలు ఆయన షాపు నుంచి ఆలస్యంగా వస్తున్నారు, వచ్చి నా మొహం చూడకుండా అన్నం తింటున్నారు.

నిన్న పాప తనంతట తానే వచ్చి నిలబడింది. "మాస్టారి దగ్గరికి ఎప్పుడెళ్దాం? నాకు నేర్పడం రావట్లా" అంది. వరద తర్వాత అది నోరు తెరిచి నాకిది కావాలని అడిగింది ఇదొక్కటే. క్లాసు లేదని ఎలా చెప్పను?

వచ్చే ఆదివారం ఏడింటికి వస్తున్నాం. సంచి అటక మీంచి దించండి. మీరు ఎగ్గొట్టిన ఆ పాఠం ఈసారి నేర్పండి, ఎన్ని ఆదివారాలు పట్టినా సరే. మీరు తలుపు తీయకపోతే తీసేదాకా గేటు దగ్గరే ఉంటాం. పట్టీ పాప పట్టుకుంటుంది, మాట పాపే చెబుతుంది.

నేను బయట వ్యాన్‌లో కూర్చుంటాను. నా గొంతు మాత్రం లడ్డుకి అలవాటు కానివ్వకండి.

మీ
ఉషశ్రీ