సామాన్లు మాత్రమే

సెప్టెంబర్ 3

ఈరోజు కౌంటీ ఆఫీసు వరద సర్వే కోసం ముప్పై ఒక్క ఇళ్లు ఎక్కి దిగాను. పిక్కలు లాగేస్తున్నాయి. కరెంటు, నీళ్లు, కొట్లు అన్నీ ఆగిపోతే మీ ఇల్లు ఎన్ని రోజులు నిలబడగలదు? అందరికీ ఇదే ప్రశ్న. ఈ కౌంటీలో మొక్క నాటుకుందామన్నా జానెడు మట్టి లేదు. మూడో అంతస్తు ఆవిడ, "ఒక్క పూట. మా ఆయన ఇంట్లో లేకపోతే రెండు పూటలు" అంది.

జవాబులకు మార్కులున్నాయి. తక్కువ వచ్చిన ఇళ్లకు వరద హెచ్చరిక రాగానే మనుషులు వెళ్లి తలుపు తడతారు. ఎక్కువ వచ్చినవాళ్లు తమ పాట్లు తామే పడగలరని ఆఫీసు నమ్మకం.

సెప్టెంబర్ 5

మా వీధి వంతు వచ్చింది. మా ఇల్లు కూడా. ఇంటి ఓనరు ఎవరిస్తో గారు మెట్ల మీద నిలబడ్డారు. ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి కాబట్టి, నేలకింద గదిలో ఎవరైనా ఉంటున్నారా అని అడిగాను. ఆయన నా కళ్లలోకి చూస్తూ, "సామాన్లు మాత్రమేనమ్మా" అన్నారు.

ఆ గదిలో అమ్మా నేనూ పద్నాలుగేళ్లుగా ఉంటున్నాం. అలా అద్దెకివ్వడం నేరం. తెలిస్తే ఖాళీ చేయిస్తారు. తలొంచుకుని 'సామాన్లు' అని రాశాను.

అమ్మకు చెబితే, "నేనేంటే, విరిగిన కుర్చీనా?" అని నవ్వింది. లాండ్రీలో పది గంటలు ఇస్త్రీ చేసి వచ్చింది. నవ్వుతూనే కునికింది.

సెప్టెంబర్ 6

సెలవు. ఏమీ చేయలేదు.

సెప్టెంబర్ 9

ఇళ్ల మార్కులన్నీ కూడిక వేశాను. అందరికన్నా మా వీధికే ఎక్కువ. కూడికలో తప్పేమో అనుకుని మళ్లీ చూశాను. తప్పు కూడికలో లేదు. సామాన్ల గది ఉంటే ఐదు మార్కులు. బియ్యం, నీళ్లు దాచుకునే చోటు ఉన్నట్టట.

మా వీధిలో పన్నెండు ఇళ్లవాళ్లు ఆ మాటే చెప్పారు. ఆ పన్నెండు గదుల్లోనూ మనుషులున్నారు. వరదొస్తే ముందు మునిగేవి అవే. ఒక్క తలుపూ తట్టరు. రాసింది నేను.

సెప్టెంబర్ 10

మా ఆఫీసరు లొరెయిన్ దగ్గరికి వెళ్లాను. విన్నది. "నువ్వు చెప్పావని రూలు మార్చలేనమ్మాయ్. రుజువుకి ఒక్క అడ్రసు ఇవ్వు. ఆ ఐదు మార్కులూ అందరికీ తీసేస్తా, వీధంతా లిస్టులోకి వస్తుంది. కాకపోతే ఆ ఇంటికి ఇన్‌స్పెక్టర్ వెళ్తాడు. అది నేను ఆపలేను" అంది. వచ్చే వారం తుపాను అని కూడా అంది.

సెప్టెంబర్ 11

ఎనిమిదో నంబరు ఇంటి కింది గదిలో పచ్చి బాలింత ఉంది. మూలింటి కింద హెర్మినియా, మంచం దిగలేని మనిషి. ఎవరిని చూపించను?

అమ్మకు చెప్పాను. "మన గూడు మనమే పీక్కోవడానికా నిన్ను చదివించింది?" అంది. తర్వాత మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెట్టింది. పడుకోబోతూ, "ఇంకొకళ్లది ఇచ్చావో, నా మొహం చూడకు" అంది.

సెప్టెంబర్ 12

మాది ఇచ్చాను.

మధ్యాహ్నానికి రూలు మారింది. వీధంతా లిస్టులో ఉంది. మంచి జరిగినట్టు అనిపించడం లేదు. అలసటగా ఉంది, అంతే. ఎవరిస్తో గారికి జరిమానా తప్పదు. నేనే వెళ్లి చెప్పాను. "పాముకి పాలు పోశాను. పైగా అది డిగ్రీ కూడా చదివింది" అని తలుపు వేసుకున్నారు.

సెప్టెంబర్ 15

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కిటికీకి టేపు పెట్టి కొలిచాడు. ఇందులోంచి మనిషి బయటపడలేడని రాసుకున్నాడు. అమ్మ అతనికి కాఫీ ఇచ్చింది. వాన ఇంకా మొదలవలేదు.