లడ్లో సంతలో నా బేరం

బర్మింగ్‌హామ్,
సోమవారం.

అక్కకి,

నీ చెల్లెలు సుధ నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ మరిదీ కులాసాగా ఉన్నాం. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? నూనె రాసుకుంటున్నారా, లేక సీసాని బీరువాలో దాచి నొప్పిని తిడుతున్నారా? మీ హాస్టల్‌కి నీళ్ల ట్యాంకరు వేళకి వస్తోందా? మా గురించి బెంగ పెట్టుకోకు. తిండికి లోటు లేదు, చలికి స్వెట్టర్లున్నాయి, నిజంగానే బాగున్నాం.

నీ ఉత్తరం అందింది. హాస్టల్ పై అంతస్తు ఖాళీ అయిందనీ, నేను జూన్‌లో వచ్చేస్తే ఇద్దరం కలిసి అక్కడ జావా కోచింగ్ పెడదామనీ, నెలాఖరులోగా అవునో కాదో చెప్పకపోతే ఓనరు ఇంకెవరికో ఇచ్చేస్తాడనీ రాశావు. ఫోన్‌లో చెబుదామంటే నీ పక్కన ఎప్పుడూ నలుగురు హాస్టల్ పిల్లలు చెవులు రిక్కించుకుని ఉంటారు. అందుకే ఉత్తరం. జవాబు చివర్లో ఉంది. ముందే అక్కడికి వెళ్లి చదివావంటే నా మీద ఒట్టే.

అమీర్‌పేటలో హాలు నిండా పిల్లల్ని కూర్చోబెట్టి మైకులో పాఠం చెప్పినదాన్ని. ఇక్కడ ఏడాదిన్నరగా వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఉద్యోగానికి అప్లికేషన్ పెడితే చాలు, ఎంతో మర్యాదగా కాదని ఉత్తరం వస్తుంది. ఇంత మర్యాదగా కాదనే జనాన్ని నేనెక్కడా చూడలేదు. ఈ సంగతి నీకు ఫోన్‌లో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుందని.

శుక్రవారం సాయంత్రం మీ మరిది ఆఫీసు నుంచి వస్తూనే, "రేపు ఊర్లు తిరగపోదాం సుధా. పాత సంత ఊర్లట, మస్తుంటయట" అని రైలు టికెట్లు చేతిలో పెట్టారు. అప్పుడే అనుమానించాల్సింది. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి సినిమాకి తీసుకెళ్లడానికి నెల రోజులు ఆలోచించిన మనిషి కదా! కానీ సంబరంలో బుర్ర పనిచెయ్యలేదు. పులిహోర కలిపి స్టీలు డబ్బాలో సర్దాను.

మొదటి ఊరు లడ్లో. కోట ముందు చౌకులో సంత. ఇళ్లన్నీ నల్లదూలాలతో వీధి మీదికి ఒరిగిపోయి ఉన్నాయి. మన మున్సిపాలిటీ వాళ్లయితే ఎప్పుడో నోటీసు అంటించి ఖాళీ చేయించేవాళ్లు. ఇక్కడేమో వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మీ మరిది కూడా దిగారు, పడిపోతుందేమోనని ఒక కన్ను పైకి పెట్టి.

సంతలో నీ కోసం ఒక టీ కూజా చూశానక్కా. తెల్లటిది, నీలం పువ్వులు. అమ్మే ముసలాయన ఇరవై పౌండ్లన్నాడు. నేను ఎనిమిదన్నాను. "సారీ లవ్, ఇరవయ్యే" అన్నాడు. నన్ను లవ్ అన్నందుకు మీ మరిది మొహం మాడ్చుకున్నారు గానీ, నేను మాత్రం మన పద్ధతిలో కూజా కింద పెట్టి, మూతి విరిచి, వెనక్కి చూడకుండా నడిచాను. అమీర్‌పేట రోడ్డు మీద పది అడుగులు దాటకముందే "అమ్మా, రామ్మా, తీస్కపో" అని పిలవరూ? పది అయ్యాయి, ఇరవై అయ్యాయి. క్యాబేజీలు చూస్తున్నట్టు నటించాను. వెనక్కి తిరిగితే ఆయన నవ్వుతూ చెయ్యి ఊపి టాటా చెబుతున్నాడు! పిలిచినా నాకు వినపడలేదేమోనని ఇంకో చుట్టు తిరిగి ఆ కొట్టు ముందు నుంచే నెమ్మదిగా నడిచాను. మూడో చుట్టుకి ఆ కూజాని ఎవరో పెద్దావిడ సంచిలో పెట్టుకుంటోంది. క్షమించు.

ఆ బాధలో ఉండగానే మీ మరిది నన్ను టీ కొట్లోకి తీసుకెళ్లి ఒక బన్నూ, జామూ, మీగడా తెప్పించారు. తర్వాత గొంతు సవరించుకుని "మేడం" అన్నారు. నా బ్యాచ్‌లో చివరి బెంచీ మీద కూర్చుని చదువుకున్న మనిషి కదా, భయమేస్తే ఇప్పటికీ మేడం అనే అంటారు.

"మేడం, జర కోపం చెయ్యకు. మా సారు ఇంకో రెండేండ్లు ఈడనే ఉండమన్నడు. నిన్న సరే అన్న."

"నన్ను అడగకుండానా?"

"అడిగితే ఒప్పుకోవని ఎరుకే. గందుకే అడగలే."

చూశావా తెలివి! బన్ను వదిలేసి లేచాను. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించి వారం కాలేదు. ఈసారి కూడా పది అడుగులు వేశాను. ఇరవై వేశాను. ఒక్క పిలుపు లేదు. చౌకు దాటి, కోట దాటి, ఏటి ఒడ్డు దాకా వెళ్లి, సన్నగా వాన మొదలైతే తిరిగొచ్చాను. ఆయన టీ కొట్టు గుమ్మంలో నా బ్యాగు, పులిహోర డబ్బా, గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఎందుకు పిలవలేదు?" అన్నాను.

"బిల్లు కట్టకుండ నీ ఎనక ఉరికితే దొంగనుకోరా? కట్టి బయటికొచ్చేసరికి నువ్వు కనవడలే. గీడనే నిలవడితే నువ్వే వస్తవనుకున్న" అన్నారు. మనిషి సగం తడిసిపోయారు. గొడుగు ఉంది, తెరవలేదు.

అప్పుడు నాకు బేరమాడే ఓపిక పోయింది. ఎప్పుడూ ఆరు అడిగి మూడు తెచ్చుకునేదాన్ని, ఆ గుమ్మంలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "నాకు పని కావాలండీ. ఇక్కడ ఇలాగే కూర్చుంటే పాఠం చెప్పడమే మర్చిపోతాను. నేను అక్క దగ్గరికి వెళతాను."

ఆయన, "పో సుధా. సోమవారం సెలవు గద, మంగళవారం సారుకు చెప్త, డిసెంబర్ దాకనే ఉంట అని. తర్వాత నేను సుత వస్త. ఫికర్ చెయ్యకు" అన్నారు.

అంతే! చెప్పిన రేటుకి వెంటనే ఇచ్చేస్తే మనకి ఎలా ఉంటుందో నీకు తెలుసుగా? మోసపోయినట్టు ఉంటుంది. మర్నాడు ష్రూస్‌బరీ తిరిగాం. అక్కడ వంకర సందులూ పాత చర్చీలూ బోలెడున్నాయట. నాకేమీ కనిపించలేదు. ఒక్కసారైనా వద్దంటారేమోనని ఆయన మొహమే చూస్తూ తిరిగాను. ఆయనేమో చిన్న పుస్తకం తీసి పప్పుకి ఎన్ని విజిల్సు, పోపులో ఏది ముందు అని రాసుకుంటున్నారు. నాకు కోపం, నవ్వు, ఏడుపు కలిసొచ్చాయి.

కాబట్టి అక్కా, జవాబు అవును. పై అంతస్తు వదలకు, ఓనరుకి చెప్పెయ్. జూన్ మొదటి వారంలో ఒక్కదాన్నే వస్తున్నాను. బల్కంపేటలో మా అత్తమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకు. కొట్లాడి వచ్చేసిందనుకుని కొడుకుకి ఫోన్ చేసి తిడతారు. నేనొచ్చి బోనాలకి ఆవిడ పక్కన నిలబడితే ఆవిడే సర్దుకుంటారు. గదికి సున్నం వేయించు. నల్లబల్ల వద్దు, తెల్లబోర్డు పెట్టించు, సుద్దపొడికి నాకు దగ్గొస్తుంది.

బావగారికి నమస్కారాలు. హాస్టల్ పిల్లలందరికీ ఆశీస్సులు, ముఖ్యంగా చెవులు రిక్కించేవాళ్లకి. కొత్త పని తలపెట్టాం, నువ్వూ బావగారూ మనసారా దీవించండి.

మీ మరిది ఇప్పటిదాకా వద్దని ఒక్కమాట అనలేదు. కానీ ఈ ఉత్తరం రాస్తుండగా వంటింట్లోంచి మూడుసార్లు వచ్చి, జూన్ మొదటి వారమంటే ఒకటో తారీఖా, ఏడో తారీఖా అని అడిగారు. ఏడు అని చెప్పాను.

నీ చెల్లెలు,
సుధ