పాట మొదలయ్యే ముందు

రాజన్నా,

నీ స్పానిష్ పాటగాడు ఇప్పుడు ఇంగ్లీషులో పాడుతున్నాడు. అదే మెత్తటి గొంతు, వెనకాల ఉరిమే గిటార్లు, డ్రమ్ములు. మనం పనికొచ్చిన ఈ మబేలాలో క్యాసెట్ల షాపు ముందు కలలో నిలబడ్డట్టు ఉండిపోయాను.

ఖాళీ క్యాసెట్ దొరక్క, చివరిసారి వదినెకు ఆ పాటగాడి పాత క్యాసెట్ మీదే మాట్లాడి పంపావు, గుర్తుందా? పాట చెరిగిపోకుండా పైన ఉంచే చిల్లులకు ప్లాస్టర్ అంటించి రికార్డు చేశావు. నీ మాటలైపోయాక మిగిలిన పాట అలాగే ఉండిపోయింది.

నువ్వు పోయి ఏడాదైందని నిన్న వదినెకు ఫోన్ చేశాను.

"మీ అన్న మాటలైపోంగనే గా పాట వస్తుండె తమ్మీ. నాకోసమే పెట్టిండు. వినీ వినీ టేపు అరిగిపోయింది. ఆయన మాట ఎట్లాగూ రాదు, గా పాటన్నా పంపుతవా?"

అది చెరపకుండా మిగిలిపోయిన పాటని నేను చెప్పలేదు.

పాతది దొరకలేదు, కొత్తదే కొన్నాను. చిల్లులకు ప్లాస్టర్ అంటించి, రికార్డు బటన్ నొక్కి, నీ మంచం మీద మాట్లాడకుండా కూర్చున్నాను. మన రూమ్ ఏసీ చప్పుడు, దూరంగా అజాన్ టేపులో పడ్డాయి. నువ్వు మాట్లాడేంతసేపు ఆగి, బటన్ ఆపేశాను.

ఆ తర్వాత పాట వస్తుంది.