ఏడో ప్యాడ్

వీరాచారి మామకు,

నంద్యాల నుంచి మీ మేనల్లుడు రాసేది. ఈమధ్య ఎప్పుడు ఫోన్ చేసినా అత్తే తీస్తోంది. "మీ మామ పనిలో ఉండాడప్పా" అంటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల ఆళ్లగడ్డలో, అమ్మవారి విగ్రహానికి మీరు తెప్పించిన రాతి మీద పదహారు చోట్ల సుత్తితో కొట్టించి రికార్డు చేసుకున్నాను గదా. స్టూడియోలో నా దగ్గర పదహారు ప్యాడ్ల పెట్టె ఉంది. ఒక్కో ప్యాడ్‌కు ఒక్కో దెబ్బ అమర్చాను. వేలితో తడితే ఆ శబ్దం పలుకుతుంది. పదిహేను ప్యాడ్లు గంటలా మోగాయి. ఏడోది మాత్రం బొంగురుగా ఉంది. మైకుదే తప్పనుకుని రెండు రోజులు కుస్తీ పట్టాను. ఎంత సరిచేసినా మారలేదు.

అప్పుడు, చిన్నప్పుడు మీరు నేర్పిన మాట గుర్తొచ్చింది. "రాయి గొంతు బొంగురుపోయిందంటే, ఆడ లోపల పగులుండాదని రా."

ఏడో దెబ్బ అమ్మవారి ఎడమ భుజం రావలసిన చోటిది. ఆ రోజు మీరు అక్కడ చెవి దగ్గరగా పెట్టి రెండుసార్లు కొట్టి, ఆ బొంగురు వినబడనట్టే "బాగుండాది" అన్నారు. నేనూ తలూపాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, అత్తకు కూడా. ఉలి పెట్టకముందే ఆ రాతిని పక్కన పెట్టండి. అడిగినవాళ్లకు రంగు నచ్చలేదని చెప్పండి. కొత్త రాయి చూడటానికి ఆదివారం నేనొస్తాను. సుత్తి మీరే పట్టుకోండి. నేను వెనక నిలబడతాను. మోగితే మీ భుజం తడతాను.