పేరు లేని కరపత్రం

మార్కాపురం, గురువారం

నాయనా, నేను క్షేమం. ఊర్లో ఏం విన్నా కంగారుపడొద్దు.

మొన్న ఏదో మిత్రమండలి అని చెప్పుకొని ముగ్గురు మా ప్రెస్సుకొచ్చి, ఎన్నికల కరపత్రాలు పదివేలు కొట్టమన్నారు. అడుగున ఎవరి పేరూ వద్దంట. పేరుంటే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో పడుతుందంట. "వేయించినోళ్ల పేరు లేకుండా వేయను, చట్టం ఒప్పుకోదు" అన్నా. "మీ నాయన ఉండేది కొమరోలులోనే కదా" అన్నాడు ఒకడు. ఆ మాటకే నేరుగా ఎన్నికల ఆఫీసుకు పోయి, సంతకం పెట్టి ఫిర్యాదు ఇచ్చినా. నిన్న అధికారులు వాళ్లను పిలిపించినారు.

బోరులో నీళ్లు వస్తున్నాయా? అమ్మ మోకాళ్లకు పంపిన తైలం అందిందా? వాళ్లు మనింటికొస్తే, నా బిడ్డనే అడగండి అని చెప్పు. దారిలో ఎవరైనా చదువుకోనీ అనే కవరు మాని కార్డు రాసినా.

ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాల.

నీ బిడ్డ సలోమి