సారమ్మ సమాధి మీది సిలువ

ఆలూరు, 1952 మే, ఆదివారం రాత్రి

చెల్లెలు సారమ్మ సమాధి మీద నేను నాటిన సిలువ పొద్దున కనబడలేదు. వెతుక్కుంటూ పోతే పక్క వీధి రంగమ్మ పొయ్యిలో ఉంది. నేను సారమ్మ పేరు చెక్కిన తుమ్మకట్టె అప్పటికే సగం కాలింది.

"సచ్చిన పిల్ల మీద కట్టె పీకనీకి చేతులెట్లొచ్చినాయి నీకు?" అని వీధంతా వినేలా అరిచాను.

"కరువులో పుల్ల యాడ దొరుకుతాదప్పా? పిల్లోనికి జరం, గంజి కాస్తాండా. మీ దేవుని కట్టె అని భయపడతానే తెచ్చినా" అంది రంగమ్మ. కట్టెను బయటికి లాగి, తాగే నీళ్లే దాని మీద చల్లి నా చేతికిచ్చింది. పొయ్యి ఆరిపోయింది.

ఆ ముక్కను ఇంటికి తెచ్చాను. అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపటికి, "ఆ పిల్లోడు గంజి తాగినాడా?" అని అడిగింది.

నాకు తెలియదు. ప్రభువు ఇతరుల కోసం సిలువ మోశాడని కరపత్రాల్లో చదివి, సంతలో ఎంతమందితో వాదించానో. నేను మోసుకొచ్చింది మాత్రం ఒక బిడ్డకు గంజి కాగే పొయ్యిలోంచి.

ఇందాక రంగమ్మ ఇంటిదాకా పోయాను. లోపల దీపం లేదు. తలుపు తట్టడానికి మొహం చెల్లలేదు.